మాటకు "అసలు అర్థం" ఉంటుందా? వివక్ష, ప్రమాదం, తులం చెప్పే సంగతులు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "వివక్ష అంటే సంస్కృతంలో 'చెప్పాలనే కోరిక'. మనం కుల వివక్ష, లింగ వివక్ష అంటూ ఇంకేదో అర్థంలో వాడుతున్నాం. ఇది తప్పు కాదా? తప్పు కాదంటే ఏ మాటకు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చా? మాటకు సరైన అర్థం అనేది నిజంగా ఉంటుందా, లేక నలుగురూ అనుకున్నదే అర్థమా?"

ముందు సూటిగా జవాబు. మాటకూ అర్థానికీ ఉన్న ముడి మనుషులు వేసుకున్నదే. కానీ ఆ ముడి పడ్డాక ఒప్పూ తప్పూ నిజంగానే ఉంటాయి. "అంతా ఒప్పందమే కాబట్టి ఎవరిష్టం వారిది" అనే వాదన, "మూలంలో ఫలానా అర్థం ఉంది కాబట్టి అదే ఒప్పు" అనే వాదన, రెండూ నిలబడవు. హైదరాబాదులో బండి ఎడమ పక్కన నడపాలి, డాలస్‌లో కుడి పక్కన. ఏ పక్కా ప్రకృతి నిర్ణయించింది కాదు. అంతమాత్రాన డాలస్‌లో ఎడమ పక్కన నడిపినవాడిది తప్పు కాకుండా పోదు. ఒప్పందం ఉంది కాబట్టే అక్కడ తప్పు చేయడం సాధ్యమవుతోంది. మాటల సంగతీ ఇంతే.

వివక్ష విషయానికొస్తే మీరు చెప్పిన వ్యుత్పత్తి సరైనదే. వచ్ (చెప్పు) ధాతువు మీద కోరికను తెలిపే సన్ ప్రత్యయం చేరితే వివక్ష. జిజ్ఞాస, పిపాస కూడా ఇలా పుట్టినవే. సంస్కృత వ్యాకరణంలో ఆ అర్థం ఇప్పటికీ సజీవంగా ఉంది. "వివక్షాతః కారకాణి భవంతి" అనే సూక్తిలో వివక్ష అంటే వక్త ఎలా చెప్పదలచుకున్నాడన్నదే. అక్కడ "తేడా చూపడం" అని చదివితే చదివినవాడిదే తప్పు. అదే మాట తెలుగు పత్రికలోనో కోర్టు వాదనలోనో వస్తే "చెప్పాలనే కోరిక" అని చదవడం తప్పు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా తేడా చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. దాన్ని తెలుగులో చెప్పేటప్పుడు వివక్ష అనే అంటాం. ఆ మాటకు ధాత్వర్థం వేరని ఎవరైనా అడ్డుపడితే, బాధితుడి ఫిర్యాదులో ఒక్క అక్షరం కూడా మారదు.

ఈ వాదన చాలా పాతది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ఒక సంవాదంలో, పేర్లు వస్తు స్వభావాన్ని బట్టి ఏర్పడతాయని క్రాటిలస్ అంటాడు, ఒప్పందాన్ని బట్టి ఏర్పడతాయని హెర్మోజెనీస్ అంటాడు. సోక్రటీస్ ఎవరికీ పూర్తిగా ఓటు వేయడు. మన దగ్గర ఈ చర్చ ఇంకా లోతుగా, ఇంకా ఓపికగా జరిగింది. అందుకే ఇక్కడ దాని మీదే ఎక్కువ ఆధారపడుతున్నాను.

మన తర్కశాస్త్రానికి (న్యాయదర్శనానికి) మూలగ్రంథమైన న్యాయసూత్రాల రెండో అధ్యాయం సహజ సంబంధ వాదాన్ని రెండు కారణాలతో తోసిపుచ్చుతుంది. మాటకూ వస్తువుకూ నిజంగా అంటుకుని ఉండే సంబంధమే ఉంటే "అన్నం" అనగానే నోరు నిండాలి, "నిప్పు" అనగానే కాలాలి, "కత్తి" అనగానే తెగాలి. అలా జరగడం లేదు. రెండోది, "జాతివిశేషే చానియమాత్": జనాన్ని బట్టి అర్థం మారుతోంది, నియమం లేదు. దీనికి మన చుట్టూనే సాక్ష్యాలున్నాయి. కన్నడిగుడికి కంపు అంటే పరిమళం, మనకు ముక్కు మూసుకునే వాసన. రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో, తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల అవ్వ అంటే కన్నతల్లి. వీళ్ళలో ఒకరిది ఒప్పు, ఇంకొకరిది తప్పు అనడానికి ఏ ఆధారమూ లేదు.

వేదవాక్యాల అర్థాన్ని తేల్చే శాస్త్రమైన మీమాంసకు చెందిన పండితులు, అంటే మీమాంసకులు, దీనికి లొంగలేదు. "ఔత్పత్తికస్తు శబ్దస్యార్థేన సంబంధః" అని జైమిని సూత్రం. మాటకూ అర్థానికీ ఉన్న సంబంధం పుట్టుకతోనే ఉంది, ఎవరూ పెట్టింది కాదని దాని తాత్పర్యం. వాళ్ళు వేసిన ఎదురుప్రశ్న గట్టిది. మొదటి ఒప్పందం ఏ మాటలతో చేసుకున్నారు? "దీన్ని ఆవు అందాం" అన్నవాడి దగ్గర "దీన్ని", "అందాం" అనే మాటలు అప్పటికే ఉండాలి కదా. వాటికి అర్థం ఎవరు పెట్టారు? వ్యాకరణవేత్త పతంజలి తన మహాభాష్యంలో ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూపిస్తాడు. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్ళి కుండ చెయ్యమంటాడు. మాట కావలసినవాడు మాత్రం వ్యాకరణవేత్త ఇంటికి వెళ్ళి "మాటలు తయారుచెయ్యి, వాడుకుంటాను" అనడు.

నా అంచనాలో ఈ ప్రశ్నకు సరైన సమాధానం 1969లో డేవిడ్ లూయిస్ అనే తత్వవేత్త దగ్గర దొరికింది. ఒప్పందానికి సభ పెట్టి తీర్మానం చేయనక్కర్లేదు. ఎదుటివాడు ఒక పద్ధతి పాటిస్తాడని నేను, నేను పాటిస్తానని అతడు నమ్మి, ఆ నమ్మకం వల్లే ఇద్దరం అదే పాటిస్తూ పోతే ఒప్పందం నిలిచినట్టే. పసిపిల్లలు భాష నేర్చేదీ ఇలాగే. న్యాయ, మీమాంస రెండూ ఇచ్చే ఉదాహరణ ఒకటే. ఒక పెద్దవాడు ఇంకొకడితో "ఆవును తీసుకురా" అంటాడు, వాడు తెస్తాడు. తరువాత "ఆవును కట్టెయ్యి", ఆ తరువాత "గుర్రాన్ని తీసుకురా". చూస్తున్న పిల్లవాడు ఏ ముక్క మారితే ఏ పని మారిందో గమనించి ఒక్కో మాటనూ విడదీసుకుంటాడు. ఒక ముక్క తీసి ఇంకొకటి పెట్టే ఈ పద్ధతిని ఆవాపోద్వాపాలు అన్నారు. సంబంధం ప్రకృతి సిద్ధం కాదన్నది న్యాయదర్శనం చెప్పిన నిజం. ఏ ఒక్క మనిషీ దాన్ని తలచుకుని మార్చలేడన్నది మీమాంస చెప్పిన నిజం. రెండూ కలిపి పట్టుకోవాలి.

ఇక "మూలార్థమే అసలు అర్థం" అనే వాదన. ఇది ఎక్కువ హాని చేసేది, చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువగా కనిపించేది. వేదంలోని మాటల వ్యుత్పత్తులు చెప్పే ప్రాచీన గ్రంథం, యాస్కుడి నిరుక్తంలోనే దీనికి అభ్యంతరం నమోదైంది. నామవాచకాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడనే పండితుడి అభిప్రాయం. గార్గ్యుడనే ఇంకో పండితుడు ఒప్పుకోడు. దారిని వ్యాపించేది (అశ్నువీత) కాబట్టి అశ్వం అయితే, దారిన పోయే ప్రతివాడినీ అశ్వం అనాలి కదా అంటాడు. యాస్కుడు ధాతువాదాన్ని వదలడు గానీ ఒక మాట ఒప్పుకుంటాడు: ఒకే పని చేసేవాళ్ళలో కొందరికే ఆ పేరు వస్తుంది, కొందరికి రాదు. చెక్కేవాళ్ళందరూ తక్షకులు కారు, వడ్రంగి మాత్రమే. ఎవరికి పేరు రావాలో ధాతువు చెప్పలేదంటే, ఆ పని చేసింది లోకవ్యవహారమేనని ఒప్పుకున్నట్టే.

అందుకే పండితులు మాటలను రూఢం, యౌగికం, యోగరూఢం అని విడదీశారు. పాచకుడు యౌగికం, వండేవాడెవడైనా పాచకుడే. పంకజం యోగరూఢం, బురదలో పుట్టినవాటిలో తామర ఒక్కటే పంకజం, నత్త కాదు. రూఢంలో అవయవార్థంతో, అంటే మాటలోని ముక్కల అర్థంతో, పనే లేదు. యోగమూ (ముక్కల నుంచి వచ్చే అర్థం) రూఢీ (వాడుకలో స్థిరపడ్డ అర్థం) ఢీకొంటే రూఢికే బలం, "యోగాద్ రూఢిర్బలీయసీ". సంస్కృతం తెలిసినవాళ్ళే పెట్టిన ఈ నియమాన్ని, సంస్కృతం పేరుతో తెలుగు వాడుకను తప్పుపట్టేవాళ్ళు మరిచిపోతుంటారు.

కల్పిత వ్యుత్పత్తి ఎంత దూరం తీసుకుపోతుందో ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు చూపించిన తీరు మన ప్రాంతపు పాఠకులు తప్పక తెలుసుకోవాలి. ద్రావిడ భాషల్లోని హల్లుతో ముగిసే మాటలకు కొందరు సంస్కృతపు తోకలు తగిలించి అర్థం లాగుతున్నారని ఆయన తంత్రవార్తికంలో రాశాడు. అన్నాన్ని "చోర్" అంటే దాన్ని చోర (దొంగ) శబ్దంగా మార్చుకుంటారు. పామును "పాప్" అంటే "నిజమే, అది పాపిష్టిదే" అంటారు. కడుపును "వైర్" అంటే "ఆకలేసినవాడు చేయరాని పని చేస్తాడు, కాబట్టి కడుపు వైరే" అని సమర్థిస్తారు. తమిళం వినేవాళ్ళకు చోఱు, పాంబు, వయిఱు వెంటనే గుర్తొస్తాయి. మన పాము ఆ పాంబుకు చుట్టమే. ఈ చర్చ జరిగిన సందర్భం ఇంకా విలువైనది. వేదంలో పిక, నేమ, తామరస లాంటి కొన్ని మాటలు వస్తాయి, అవి ఆర్యుల వ్యవహారంలో లేవు, మ్లేచ్ఛులు (ఆర్యులు కానివాళ్ళు) వాడతారు. వాటికి ధాతువులు లాగి అర్థం చెప్పాలా, వాడేవాళ్ళను అడగాలా? వాడేవాళ్ళ అర్థమే తీసుకోవాలని జైమిని సూత్రాలకు వ్యాఖ్య అయిన శబరభాష్యం తేల్చింది: పిక అంటే కోకిల, నేమ అంటే సగం, తామరస అంటే తామర. వేదార్థం దగ్గరే ఈ మాట చెప్పగలిగారంటే, రోజువారీ తెలుగు మాట దగ్గర మనం వెనకాడాల్సిన పనేముంది?

ఇలాంటి లాగుడు ఇప్పటికీ ఆగలేదు. "గు అంటే చీకటి, రు అంటే తొలగించేది, కాబట్టి గురువు" అనేది భక్తితో చేసుకున్న వివరణ. అలా తలచుకోవడంలో తప్పు లేదు. మాట చరిత్ర మాత్రం వేరు. గురు అంటే బరువైన అని అర్థం, లఘువుకు ఎదురుమాట, ఛందస్సు నేర్చిన ప్రతివారూ రోజూ వాడేదే. త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందన్న కథను కూడా చాలామంది భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు.

ఒక మాటను దగ్గరగా చూద్దాం. ప్రమాదం. సంస్కృతంలో ఏమరుపాటు, అజాగ్రత్త. తైత్తిరీయోపనిషత్తులో "స్వాధ్యాయాన్మా ప్రమదః" అన్నప్పుడు చదువు విషయంలో ఏమరవద్దనే అర్థం. ధమ్మపదంలో "పమాదో మచ్చునో పదం" అంటే ఏమరుపాటు మృత్యువు దారి. తెలుగులో రోడ్డు ప్రమాదం అంటే జరిగిన ఘటన, ప్రాణానికి ప్రమాదం అంటే ముంచుకొచ్చే ముప్పు. ఏమరుపాటు అనే కారణం పేరు దాని ఫలితానికి పాకింది, ఫలితం నుంచి దాని భయానికి పాకింది. దీనివల్ల వచ్చే చిక్కు రెండు వైపులా ఉంటుంది. తెలుగు అర్థంతో ధమ్మపదం చదివితే బుద్ధుడి హెచ్చరిక మొత్తం పోతుంది, అది మనసు మేలుకుని ఉండాలన్న బోధ కాకుండా యాక్సిడెంట్ల గురించిన మాట అయిపోతుంది. సంస్కృత అర్థంతో తెలుగు వార్త చదివితే ప్రతి ప్రమాదంలోనూ ఎవరిదో నిర్లక్ష్యం ఉందని ముందే తీర్పు చెప్పినట్టవుతుంది. నిర్లక్ష్యం ఉందా లేదా అన్నది దర్యాప్తులో తేలాల్సిన విషయం.

ఇలా పక్కకు జరిగిన మాటలు తెలుగులో లెక్కలేనన్ని. తర్కంలో అనుమానం ఒక ప్రమాణం (నిజం తెలుసుకునే సాధనం), పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం. వాడుకలో అది సందేహం. రాద్ధాంతం ఒకప్పుడు సిద్ధాంతానికి మారుపేరు, ఇప్పుడు అనవసరపు రభస. సంతోషించి ఇచ్చే బహుమానం పారితోషికం, ఇప్పుడు నటుడు ముందుగానే మాట్లాడుకునే సొమ్ము కూడా పారితోషికమే. హిందీ నుంచి అనువదించేవాళ్ళు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. హిందీ ఉపన్యాస్ నవల, మన ఉపన్యాసం ప్రసంగం. హిందీ అవకాశ్ సెలవు, మన అవకాశం వేరు. శిక్షా అంటే చదువు, మన శిక్ష సంగతి తెలిసిందే.

ఇంతవరకూ చెప్పింది వాడుకే న్యాయమూర్తి అయిన మాటల గురించి. అన్ని మాటలకూ న్యాయమూర్తి ఒకరే కారు. దీన్ని ఒక నగల కొట్టు బిల్లులో చూడవచ్చు. ఒక్క కాగితం మీద నాలుగు రకాల మాటలుంటాయి.

బంగారం. ఏ లోహాన్ని ఈ పేరుతో పిలవాలన్నది ఒప్పందం. కానీ ఈ గాజు బంగారమా కాదా అన్నది ఒప్పందం కాదు. ఊరంతా ఇత్తడి గాజును బంగారమని నమ్మినా గీటురాయి మీద గీస్తే కాదని తేలుతుంది. ఆ పేరు పట్టుకున్నది పరమాణు సంఖ్య 79 ఉన్న మూలకాన్ని. పరమాణువు సంగతి తెలియని రోజుల్లో కూడా జనం అదే లోహాన్ని ఉద్దేశించారు, కొన్నిసార్లు గుర్తుపట్టడంలో పొరబడ్డారు. తిమింగలాన్ని చేప అనడం, గబ్బిలాన్ని పక్షి అనడం ఈ కోవవే. ఇక్కడ "నలుగురూ అంటున్నారు" అన్న వాదన చెల్లదు, ఎందుకంటే ఆ నలుగురూ తమ మాట వస్తు స్వభావాన్ని అనుసరించాలనే కోరుకుంటారు.

22 కారట్, 916. ఇవి ప్రమాణంగా నిర్ణయించినవి. 24 భాగాల్లో 22 భాగాలు మేలిమి బంగారం, అంటే వెయ్యికి దాదాపు 916, నూటికి 91.6. ఇక్కడ అర్థం రాసిపెట్టి ఉంది, వాడుకతో పనిలేదు. చట్టాలు కూడా ఇలాగే చేస్తాయి. 1893లో అమెరికా సుప్రీంకోర్టు సుంకం కోసం టమాటాను కూరగాయగా తేల్చింది, వృక్షశాస్త్రంలో అది పండేనని ఒప్పుకుంటూనే. 2006 ఆగస్టులో ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం రాసింది, ప్లూటో ఆ జాబితాలోంచి పోయింది. జ్యోతిషంలో సూర్యుడూ చంద్రుడూ గ్రహాలే, రాహుకేతువులూ గ్రహాలే. సూర్యుడు గ్రహమా కాదా అని ఊరికే అడిగితే జవాబు లేదు, ఏ శాస్త్రంలో అని అడిగితే తక్షణం ఉంది.

తులం. ఇదే ఎక్కువ గొడవలు తెచ్చేది. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్టులో తులం అంటే 10 గ్రాములే. రెండూ వాడుకలే, రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. పెద్దావిడ "అయిదు తులాలు పెట్టాం" అంటే ఆమె లెక్క 58.3 గ్రాములు కావచ్చు, మనవడు కొట్టు లెక్కన 50 అనుకుంటాడు. ఎనిమిది గ్రాముల పైచిలుకు తేడా. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఒప్పందాలు రెండని ఎవరూ గమనించలేదు.

తరుగు. మాటగా చూస్తే తగ్గడం. బిల్లులో అది బంగారం విలువ మీద శాతంగా కలిపే మొత్తం. నగ చేసేటప్పుడు నిజంగా అంత బంగారం పోయిందా లేదా అన్నదాన్ని ఆ మాట చెప్పదు. మాట అర్థాన్ని బట్టి "ఇంత అరిగిపోయిందా" అని వాదించడం కన్నా, తరుగు, మజూరీ కలిపి ఎంత శాతమని అడగడం దారి.

మాటలోని ధ్వనికీ అర్థానికీ ఏ సంబంధమూ ఉండదా అంటే, కొంచెం ఉంటుంది. కాకి అనే పేరు దాని అరుపు నుంచి వచ్చిందని యాస్కుడే అన్నాడు. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ అనే పరిశోధకులు వెలువరించిన పరిశీలనలో ఒక గుండ్రటి బొమ్మ, ఒక కోణాల బొమ్మ చూపించి అర్థం లేని రెండు మాటలిచ్చి బూబా ఏది, కికి ఏది అని అడిగితే దాదాపు 95 శాతం మంది కోణాలదాన్నే కికి అన్నారు. గలగల, జరజర, మెత్తన లాంటి మాటల్లో మనకూ ఈ రుచి తెలుసు. అయినా మన కోడి కొక్కొరొకో అంటే జర్మన్ కోడి కికెరికీ అంటుంది. ధ్వని కొంత మొగ్గు చూపుతుంది, అంతకుమించి నిర్ణయించదు.

ఒక మాట మీద తగవు వస్తే ఎలా తేల్చాలి? మొదట మాటను ఒంటరిగా పట్టుకోకుండా పూర్తి వాక్యం రాసుకోండి. ఆ వాక్యం ఏ కాలానిది, ఏ ప్రాంతానిది, ఏ వృత్తిదో పక్కన రాయండి. సగం తగవులు ఇక్కడే తీరిపోతాయి. మిగిలితే వాక్యశేషం, అంటే అదే పాఠంలో మిగిలిన భాగం, చూడండి. యవ అంటే కొందరికి బార్లీ, కొందరికి కొర్రలు. మీమాంసకులు దీన్ని అదే వేదభాగంలో ముందుకు చదివి తేల్చారు. మిగతా పైరులు వాడిపోయినప్పుడు ఇవి పచ్చగా నిలుస్తాయని అక్కడ ఉంది, కాబట్టి బార్లీయే.

తరువాత నిఘంటువు, అదీ సందర్భానికి తగినది. కావ్యంలోని మాటకు 1885 నాటి శబ్దరత్నాకరం, పంతొమ్మిదో శతాబ్దపు వ్యవహారానికి 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, రైతు, నేత, కుమ్మరి పనుల మాటలకు మాండలిక వృత్తిపదకోశాలు. నిఘంటువు తన కాలపు సాక్ష్యం చెబుతుంది, ఈనాటి వాడుక మీద తీర్పు చెప్పదు. 1852 పుస్తకంలో లేదు కాబట్టి ఈ అర్థం తప్పు అనడం చెల్లదు.

ఆపైన వాడేవాళ్ళను అడగాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు "ఈ మాటకు అర్థమేమిటి?" అని అడగడం. అలా అడిగితే ఎదుటివాళ్ళు బడిలో విన్నదో, పండితుడు చెప్పిందో అప్పగిస్తారు, తాము వాడేది చెప్పరు. "ఈ మాట ఎప్పుడంటారు? ఒక వాక్యం చెప్పండి" అనండి. తరువాత మాట మార్చి చూడండి: ప్రమాదం తీసి ఏమరుపాటు పెడితే వాక్యం నిలుస్తుందా? ముప్పు పెడితే నిలుస్తుందా? ఒకరికొకరు పరిచయం లేని నలుగురైదుగురి దగ్గర ఒకే జవాబు వస్తే ఆ వాడుక స్థిరపడినట్టే. కొత్త అర్థాన్ని ఎవరో ఒకరు ఇంకా దిద్దుతున్నారంటే ఒప్పందం ఇంకా కుదరలేదు. ఎవరూ దిద్దడం మానేశారంటే, ఒకప్పటి తప్పు ఇప్పటి ఒప్పు అయింది. వివక్ష ఈ గీత ఎప్పుడో దాటింది.

సొంత అర్థం పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు, ముందే చెప్పి వాడాలి. వ్యాసంలో "ఇక్కడ అనుమానం అంటే తర్కశాస్త్రంలోని అర్థమే" అని మొదట్లో రాసి చివరిదాకా దాన్నే పాటిస్తే ఎవరూ తప్పుపట్టరు. వాదన మధ్యలో ఓడిపోతున్నప్పుడు "నా ఉద్దేశంలో ఆ మాటకు అర్థం వేరు" అనడం మాత్రం మోసం, ఎందుకంటే ఎదుటివాడు మీ మాటను ఉమ్మడి అర్థంతోనే నమ్మాడు. పత్రాలు రాసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. పంపకాల కాగితంలో తులం అని రాస్తే పక్కనే గ్రాములు వేయండి. పొలం దగ్గర గుంట అంటే 121 చదరపు గజాలు, సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఒకే కాగితంలో రెండూ కలపకుండా ఏదో ఒకటి వాడి, పక్కన చదరపు గజాలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి.